పద్దెనిమిది రోజులు సప్పన

ఆర్యపల్లి,
14-9-1994

ఓలే కాసమ్మా,

నీ పెనిమిటి పోతయ్య రాస్తన్నాను. ఇక్కడ నాను, నీ కోళ్ళు రెండూ కులాసా. పలాసలో నువ్వు, చిట్టమ్మ, పసిగుంట, అల్లుడు, వియ్యపురాలు అందరూ కులాసాయే అనుకుంటన్నాను. నీకు సదువు రాదు గాబట్టి చిట్టమ్మే సదవాల. అమ్మా చిట్టీ, కడదాకా సదువు, ఎక్కడా దాటీకు.

కాసమ్మా, నువ్వు మూడు అడిగినావు. ఎర్రకోడి గుడ్లు పెడతన్నాది. మాత్తరలకి నా రత్తం పెజరు కాస్త దిగినాదంట. మూడోది, "నా వంట లేకండా ఉప్పు సరిపోతన్నాదా" అని ఎటకారం ఆడినావు. దానికి జవాబు పెద్దది.

పెజరుకని ఛత్రపూర్ ఆస్పత్రికి ఎల్తే నర్సమ్మ ఓ నోటుబుక్కు ఇచ్చినాది. ఏటి తిన్నావు, ఎంత తిన్నావు, రుసి ఎలగున్నాది, తినేముందు మనసు ఎలగున్నాది, రోజూ రాయాలంట. ముద్ద నోట ఎట్టుకున్నాక ఇంకేటీ తలవకండా దాన్నే నమిలి సూడాలంట. వల లాగీవోడికి ఇదేటి పనిరా అని నవ్వుకున్నాను.

రాయడం మొదలెట్టీసరికి యావ పట్టుకున్నాది. సద్దన్నంలో నంజుకునే ఉల్లిపాయ ముందు కారం, తరవాత తీపి అని యాభై ఏడేళ్ళకి తెలిసినాది సూడు! మనసు గడిలో సానా రోజులు "కోపం" అనే ఉన్నాది. ఎవలి మీదో నాకే తెలీదు. రుసి గడి మరీ సిత్రం. నాను వండుకున్న కూర, సప్పన. పక్కింటి దాలయ్య పెళ్ళాం ఇచ్చిన నెత్తళ్ళ పులుసు, సప్పన. ఛత్రపూర్ కోర్టు కాడ తిన్న బరా, గుగుణి, అదేలే, గారె, బఠానీల కూర, అదీ సప్పనే. పద్దెనిమిది రోజులు ఇదే. జిల్లా అంతటా ఉప్పు అయిపోనాదేటి అనుకున్నాను.

సూద్దామని మొన్న కవళ్ళ సేపలు వండి, నా నాలికకి సరిపోయిందాకా ఉప్పేసి, దాలయ్యని పిలిసినాను. ఒక్క ముద్ద నోట ఎట్టుకొని గుమ్మం బయటికి పరిగెట్టి ఉమ్మీసినాడు. "ఓరి పోతయ్యా, ఇది కూరా, సముద్రమా!" అన్నాడు. నాను అదే కూరతో కంచం కాళీ చేసినాను. నాకు బాగానే ఉన్నాది.

పుస్తకం సూసి నర్సమ్మ అన్నాది, "వయసుకో సుట్టకో నీ నాలికకి రుసి తగ్గిపోనాది తాతా. అందుకే ఉప్పు పోసుకుంటన్నావు, అందుకే పెజరు."

రెండేళ్ళ బట్టి నిన్ను ఎన్నెన్ని అన్నానే! సేతికి ఉప్పు పట్టదా, మీ యమ్మ నేర్పలేదా అన్నాను. చిట్టమ్మ సీమంతం నాడు అల్లుడు, వియ్యపురాలు సూస్తండగా కంచం తోసీసినాను. నువ్వు మెతుకులు ఏరుకున్నావు.

ఇంకోటి ఉన్నాది. ఇది నర్సమ్మకీ సెప్పలేదు. ఆ రోజు మిగిలినోలంతా ఆ కూరే మారు అడిగి ఏయించుకున్నారు. నాను సూసినాను. తేడా నాలోనే ఉన్నాదని ఆ నిమిసమే తెలిసినాది. ఒప్పుకోలేక తోసీసినాను.

చిట్టమ్మ పురుడుకని ఎల్లినావు, పురుడయి మూడు నెలలయినా ఎప్పుడొస్తావో నువ్వు రాయించలేదు. ఎందుకో తెలుసు. రమ్మని రాయడానికి నాకు మొకం సెల్లడం లేదు. శుక్రవారం పాసింజరుకి నానే వస్తన్నాను. ఎవలి ఎదర తోసినానో ఆల ఎదరే తప్పు నాదని సెప్తాను. అప్పుటికీ నువ్వు రానంటే ఒక్కణ్ణే ఎల్లిపోతాను, కిమ్మనను. చిట్టీ, ఈ ముక్క మీ అత్తకి ఇనపడేలాగ గట్టిగా సదువు.

ఇట్లు,
నీ సేతి కూర తోసీసిన నీ పెనిమిటి,
పోతయ్య