నేస్తం పక్కన ఆదివారం దాకా

అమ్మాయికి అమ్మ దీవెనలు. నేను కులాసా, కంగారుపడకు. వాయిద్యాల ఎగ్జిబిషన్‌లో హార్మోనియంలు చేసే నా చిన్ననాటి నేస్తం కనిపించింది. మూడుసార్లు పిలిచినా తిరగలేదు. పాత కోపమేమో అనుకుని భుజం తట్టాను. "చెవులు పోయాయే. కొనేవాళ్లకు తెలిస్తే నా పెట్టె ఎవరు ముట్టుకుంటారు?" అంది. ఎగ్జిబిషన్ ముగిసే ఆదివారం దాకా దాని పక్కనే కూర్చుంటాను. శ్రుతి తప్పిన మెట్టు ఎన్నోదో అన్నిసార్లు నేను దాని కాలు తొక్కితే, ఆ మెట్టు కింద మోగే రీడు గీకి సరిచేస్తుంది. నిన్న లెక్క తప్పి బాగున్న రీడు గీకించాను. గ్యాసు కట్టేస్తున్నావా? పాపకు దగ్గు తగ్గిందా? ఈ సంగతి మీ నాన్నకు చెప్పకు, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. అయినా కవరు కొనకుండా కార్డు మీద రాశానే. పోస్టు నాయనా, చదివితే నీకూ దీవెనలు, ఎవరికీ చెప్పకు.