లేని ఎద్దు

1963 ఫిబ్రవరి 4

బతికే ఉన్నాను. బస్సులో అందరూ బతికే ఉన్నారు. రంగనాయకస్వామీ, నీకు పొర్లుదండాలు!

ముత్తుకూరు దాటాక కట్ట మీద స్టీరింగు నా చేతిలోనే ఉంది. తర్వాత ఏమీ గుర్తులేదు... కళ్ళు తెరిస్తే గట్టు మీద నేను, వరిమడిలో బస్సు. గుప్పిట్లో ఇంజను తిప్పే ఇనుప హ్యాండిలు! చేపలమ్మే చెంగమ్మ దాన్ని నా వేళ్ళలో బిగించి పట్టుకుంది. "ఇనుము పట్టిస్తే మూర్ఛ దిగిపోద్ది, ఉండండి!" అందరూ నా చుట్టూనే. ఇంజను ఆపాలని ఒక్కరికీ తోచలేదు. బురదలో అది గుర్రుమంటూనే ఉంది. నవ్వొచ్చింది. నేనే మడిలోకి దిగి ఆపాను.

పోలీసులొచ్చారు. నేను నోరు తెరిచేలోపే చెంగమ్మ — "ఎద్దు అడ్డమొచ్చిందయ్యా. మమ్మల్ని కాపాడబోయి అన్న మడిలోకి దించేసినాడు." అందరూ అవునంటే అవునన్నారు. వాంగ్మూలం కింద వేలిముద్రలూ వేశారు.

ఫిబ్రవరి 5

ఎద్దు రంగు కూడా చెప్పారట! ఎంత మంచివాళ్ళు.

ఫిబ్రవరి 8

నెల్లూరులో డాక్టరు గారికి చూపించుకున్నాను. మా ఆవిడ చెప్పేసింది — "నిద్రలో కూడా ఇట్నే కొట్టుకున్నాడయ్యా. పీడకలనుకున్నా."

గాలీ కాదు, చేతబడీ కాదట. మెదడు జబ్బట. మెదడులోని కరెంటును గీతలుగా గీసి చూపే మిషను మద్రాసులో ఉందట. మందులూ ఉన్నాయట. ఆయన కాళ్ళ మీద పడబోయాను.

"మాత్రలు మానొద్దు. బండి మాత్రం తోలొద్దు."

తోలకుండా ఎలా బతకాలి? నాకు ఇంకో పని రాదు.

ఫిబ్రవరి 11

బస్సు ఓనరు గారికి అంతా చెప్పాను. లేచి తలుపు వేశారు. "నోరు మూసుకోబ్బయా. కేసు ఎద్దు మీద పోయింది. ఇప్పుడు నువ్వు నిజం చెప్తే వేలిముద్రలేసినోళ్ళంతా దొంగసాక్ష్యం కింద బోనెక్కాల. మాత్రలేసుకో, తోలుకో."

నా మేలు కోరినవాళ్ళనే కోర్టుకీడ్చాలా?

ఫిబ్రవరి 13

"కాపాడిన డ్రైవరన్నకు" అంటూ చెంగమ్మ ఊరివాళ్ళు వంజరం చేప పంపారు. పులుసు అమృతం. సిగ్గులేకుండా మళ్ళీ వేయించుకున్నాను. కళ్ళ నీళ్ళొచ్చాయి. కారం ఎక్కువైందన్నాను.

ఫిబ్రవరి 14

రేపటి నుంచి బండెక్కమని ఓనరు గారి కబురు. తిన్నగా పోలీస్ స్టేషనుకు వచ్చాను. మెట్ల మీద చెంగమ్మ, పక్కన ఖాళీ గంప.

"నువ్వెందుకొచ్చావు చెంగమ్మా?"

"ఎద్దు లేదని చెప్పేదానికి."

"లోపలేస్తారేమో..."

"ఏస్తే ఏయనీ. నువ్వు మంచోడివన్నా, కాదన్లా. కానీ రేపు నా కూతురు బిడ్డనెత్తుకోని నీ బస్సెక్కాల. నాకు భయంగా ఉండాది."

తలెత్తలేకపోయాను. కోపం రాలేదు. చేతులెత్తి దణ్ణం పెట్టాను.

హెడ్డు కానిస్టేబులు గారు భోజనానికి వెళ్ళారట. ఇద్దరం బెంచీ మీద. ఇక్కడే రాస్తున్నాను. బయట సైకిలు స్టాండు వేసిన చప్పుడు... చెంగమ్మ లేచి కొంగు సర్దుకుంటోంది. ముందు ఎవరు చెప్పాలో అనుకోనేలేదు —