ఫ్లాస్కులో ఐసు

18 జూన్ 1984, రాజోలు

ఈ రోజు డాక్టరు గారు రక్తం తీశారు. రెండేళ్ల కిందట కాకినాడలో నా పేగులోంచి క్యాన్సరు గడ్డ కోసేశారు. అది తిరిగొస్తే, నాకు నొప్పి తెలియకముందే రక్తంలో తెలియొచ్చట. సీఈఏ టెస్టు. ఒక్కోసారి అదీ పొరపడుతుందండీ, అని ముందే చెప్పారు. మద్రాసు పంపాలి. రక్తం గడ్డకట్టాక పైన తేలిన పసుపుపచ్చ నీరు మాత్రం చిన్న సీసాలో పోసి ఇచ్చారు. నా రక్తంలో ఇంత తేటనీరు ఉందనుకోలేదు.

నేను చూడని సముద్రపు ఊరు అది చూస్తుంది.

పెరట్లో కొబ్బరి మొక్కలు గోడకి చేరేసి ఉన్నాయి. కాపు రావాలంటే ఆరేళ్లు. నాటాలా వద్దా, ఆ సీసాయే చెప్పాలి.

19 జూన్, ఉదయం

బావమరిది లాజరు మద్రాసు బయల్దేరాడు. రొయ్యల షావుకారు దగ్గర ఐసు తెచ్చి ఫ్లాస్కులో వేసి, సీసా అందులో దించాం. కళ్లు మూసుకుంటే నేనే ఆ చల్లటి చీకట్లో ఊగుతూ గోదావరి దాటుతున్నట్టుంది.

సాయంత్రం

లాజరు వెనక్కొచ్చేశాడు. ఐసు కరిగిందేమోనని రేవు దాటించే పంటు మీద మూత తీస్తే గుప్పున కాఫీ వాసన. అమ్మ పని. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఐసు గడ్డలిచ్చి పంపుతామా, అంది. సీసా ఏదంటే, మంచినీళ్ల కుండ కింద తడి ఇసుకలోంచి తీసి ఇచ్చింది. ఆయ్, కాఫీ మాత్రం బావుందండీ బావగారూ, అన్నాడు లాజరు. పొట్ట పట్టుకుని నవ్వాను. నా భార్య సువర్ణ నవ్వలేదు. రోజంతా ఐసు లేకుండా ఉన్న సీసా పనికిరాదు, మళ్లీ రక్తం ఇవ్వాలి.

20 జూన్

అదేమిటో అమ్మకి తెలియకపోతే, చల్లటి చోటు వెతికి మరీ ఎందుకు దాచింది?

21 జూన్

అడిగేశాను. అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తలేదు. తెలిసే తీసేన్రా, అంది. జబ్బు పేరు చెప్పిన రోజు నుంచీ మీ నాన్నకి ముద్ద దిగలేదు. తెలీనన్నాళ్లూ నువ్వు నా కొడుకువి, తెలిసేక ఆసుపత్రోళ్ల మనిషివి, అంది.

కోపం రావాలి. రాలేదు. నాకూ భయంగానే ఉందమ్మా, కానీ మొక్కలు వాడిపోతున్నాయి, అన్నాను. బియ్యం చేట పక్కన పెట్టి, ఈసారి ఐసు నేనే వేస్తాలే, అంది.

9 జూలై

మళ్లీ పంపిన రక్తంలో ఆ సీఈఏ ఎక్కువ ఉందట. బేరియం ఎక్స్‌రేలో పేగు మీద చిన్న మచ్చ. ముందే దొరికిందండీ, కోసేయొచ్చు, అన్నారు డాక్టరు గారు. నాకెక్కడా నొప్పి లేదు. అదే వింతగా ఉంది.

14 జూలై

కాకినాడ బస్సు. సువర్ణ నిద్రపోతోంది. నా ఒళ్లో ఫ్లాస్కు, నిండా కాఫీ. పొద్దున్నే అమ్మ మొక్కలన్నీ నాటించింది. నీళ్లు నేను పోస్తాను, కాయలు నువ్వు దింపించు, అంది.