బావి మెట్ల మీది పాత మొక్క

14 ఆగస్టు 1987, శుక్రవారం

దొరికింది! నీళ్లలోంచి నేలమీదికి మొదట వచ్చిన మొక్కలకు దగ్గరి చుట్టమని బాటనీ మేడం చెప్పిన రిక్సియా, భీమ్‌గల్‌లో మా చేని బావి మెట్ల మీదే దొరికింది. నేను గీసిచ్చిన బొమ్మ పట్టుకుని బాపు బావిలోకి దిగాడట. రెండుసార్లు జారాడట. దాన్ని మట్టితో సహా తడిగుడ్డలో చుట్టి, బస్సెక్కి నిజామాబాద్‌లో మా కాలేజీకి తెచ్చాడు. మేడం సంబరపడి ముందు ఆయననే మైక్రోస్కోపులో చూడమంది.

"గిదానికి ఏర్లే లేవు గద బిడ్డా! మరి మట్టిని ఎట్ల పట్టుకున్నది?"

"సన్నటి ఎంటికలసొంటివి ఉన్నయి బాపు. కోట్ల ఏండ్ల కింద నీళ్లలకెళ్లి బయటికొచ్చిన మొక్కలు గిట్లనే ఉండెనట."

"మన పసుపు కంటె ముందా?"

"చెట్లు, పిట్టలు, మనుషులు, అందరికంటె ముందు."

బాపు చాలాసేపు కన్ను తీయలేదు. నాకు పట్టరాని గర్వం. అంతలోనే గుబులు పుట్టింది. బోరు పడింది కదా, ఎండాకాలంలో ఆ బావిని పూడ్పిద్దామని అన్న అంటున్నాడు. బాపును బస్సెక్కించడానికి వెంట వెళ్లాను.

బస్టాండులో బాపే బావి మాట ఎత్తాడు.

"బావి పూడ్సుడు లేదని మీ అన్నకు చెప్త. గంత తిప్పలవడి బయటికొచ్చినదాన్ని మనం బొందవెడ్తమా?"