లూజ్ కాంటాక్ట్ వాళ్ళ చొక్కా పాట

మార్చి 3

మాటలు నేర్పే థెరపీ అమ్మాయి ఇవాళ కొత్త సంగతి చెప్పింది. మాట రాని వాళ్ళకి కూడా పాట రావచ్చుట. తలలో మాటలుండే చోటు వేరు, పాటలుండే చోటు వేరుట. మా ఆవిడకి స్ట్రోక్ వచ్చి రెండు నెలలైంది కదా, మొదటి ఆర్నెల్లలో మాట ఎంత తిరిగొస్తే అంత నయం, తర్వాత నెమ్మదిస్తుంది అంది. ఈ చివరి ముక్క నన్ను తలుపు బయటికి పిలిచి చెప్పింది, మా ఆవిడ వినకుండా.

మా ఆవిడకి ప్రస్తుతం మిగిలింది ఒక్కటే మాట. అదే. నీళ్ళు కావాలన్నా అదే, ఫ్యాను ఆపమన్నా అదే, నన్ను తిట్టాలన్నా అదే. ఏ అదే దేనికో కనిపెట్టేసరికి నా తల ప్రాణం తోకకొస్తోంది. ముప్ఫై ఏళ్ళుగా కుట్టుమిషన్లు రిపేరు చేస్తున్నాను. చప్పుడు విని ఏ పార్టు అరిగిందో చెప్పేస్తాను. ఇంట్లో మనిషి ఏమంటోందో మాత్రం తెలియడం లేదు. భయంగా ఉంది.

మార్చి 5

పాత మెలొడీలు నాలుగు పెట్టాను. రెండో పాట చరణంలో నాకు కళ్ళు చెమర్చాయి. ఆవిడ ఆవలించింది.

మార్చి 6

అవి మీకు ఇష్టమైన పాటలా, ఆవిడకి ఇష్టమైన పాటలా అని అడిగింది థెరపీ అమ్మాయి. ఇద్దరికీ అన్నాను ఠక్కున. బస్సెక్కాక అనుమానం పట్టుకుంది. ఆవిడకి ఏ పాటలిష్టమో నేనెప్పుడూ అడిగిన గుర్తు లేదు.

మార్చి 8, సాయంత్రం

మరదలు వచ్చింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే యూనిట్లో స్కూలు యూనిఫారాలు కుట్టేవాళ్ళు. మీ అక్క ఏం పాటలు వినేదమ్మా అని అడిగాను. అక్కకి లూజ్ కాంటాక్ట్ అంటే ప్రాణం బావా, అంది. ఏ మిషన్‌కి అన్నాను. మిషన్ కాదుట. బ్యాండుట. కుర్రకారంతా ఊగిపోయే బ్యాండుట.

నేను నమ్మలేదు. యాభై రెండేళ్ళ మనిషి. పదకొండేళ్ళుగా వింటోందిట. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నలభై మిషన్ల రొదలో గొంతెత్తి పాడుకుంటూ కుట్టేదిట. ఆ రొదలో ఎవరికీ వినపడదు కాబట్టి ఎంత గట్టిగానైనా పాడుకోవచ్చుట.

మరి ఇంట్లో ఎప్పుడూ వినలేదేం అన్నాను. మరదలు గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. చివరికి చెప్పింది. ఒకసారి టీవీలో వాళ్ళ పాట వస్తుంటే, ఆ కుక్కల గోల కట్టెయ్ అన్నానుట. కట్టేసిందిట.

నాకు గుర్తే లేదు. గుర్తు లేకపోవడమే ఎక్కువ బాధగా ఉంది.

మార్చి 9

షాపులో పెట్టుకుని విన్నాను. స్లిప్పు రాసుకున్నాను, అలవాటు కొద్దీ.

కంప్లయింటు: డ్రమ్ములు అతిగా కొట్టుకుంటున్నాయి. గిటార్ బెల్టు జారిన మోటారులా ఉంది. పాడేవాడికి జలుబు. ఆయిల్ వేసినా లాభం లేదు.

బ్లౌజుల టైలరమ్మ లోపలికొచ్చి, ఏ మిషన్ బేరింగులు పోయాయి, నాదేనా అని కంగారుపడింది. పాటండీ అన్నాను. పాపం, నమ్మలేదు.

మార్చి 10

పన్నెండు సార్లు. తలనొప్పి మాత్ర ఒకటి.

మార్చి 12

ఇందులో నీకేం నచ్చిందే అని అడిగాను మా ఆవిడని. అదే, అంది. ఇంతవరకూ చెప్పిన వాటిలో సూటిగా అతికిన జవాబు ఇదే.

మార్చి 14

పాట పెడితే చాలదు, పాడాలి అంది థెరపీ అమ్మాయి. పక్కన కూర్చుని, బాగున్న ఎడమ చేతిని పట్టుకుని, అక్షరానికో తట్టు చొప్పున నెమ్మదిగా పాడాలి. ఆవిడ అందుకున్నాక మనం గొంతు తగ్గించుకోవాలి. మరదలు యూనిట్లో వాళ్ళని ఫోన్లో అడిగి చెప్పింది, అక్క ఎక్కువగా పాడేది చొక్కా పాటేనని.

తలుపు వేసుకుని మొదలుపెట్టాను. నా గొంతు సంగతి నాకు తెలుసు.

తడిసిన చొక్కాని నేను
పారేసి పోవే పిల్లా

మొదటి లైనుకి ఆవిడ ముఖం వెలిగింది. తల ఊపింది. రెండో లైనుకి చెయ్యి లాక్కుంది. అదే, అదే, అదే. కళ్ళ నిండా నీళ్ళు. నాకేం పాలుపోలేదు.

మార్చి 17

నాలుగు రోజులుగా ఇదే వరస. మొదటి లైనుకి సంతోషం, రెండో లైనుకి ఏడుపు. ఒకసారి మంచం పట్టెని దబదబా కొట్టింది.

ఆ పాటతో ఏదైనా పాత కథ ఉందా అని మరదల్ని నిలదీశాను. మీకు మతి పోయిందా బావా అంది. పోయిందేమో.

మార్చి 19

మానేద్దామా అన్నాను. మానకండి, కోపమైనా సరే ఏదో కదులుతోంది అంది థెరపీ అమ్మాయి. ఏం కదులుతోందో ఆ అమ్మాయికీ తెలియదు. నాకు అసలే తెలియదు. నచ్చని పాట రోజుకి ఇరవై సార్లు పాడి, పెళ్ళాన్ని ఏడిపించి షాపుకి వెళ్తున్నాను.

మార్చి 22, ఉదయం 10

షాపు తెరవకుండా కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్న పాడుతున్నాను. పారేసి అనగానే ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. ఇంత బలం ఉందని నాకు తెలియదు. నోరు తెరిచింది. ఆ, అంది. ఆరే, అంది. నేను పాట ఆపేశాను. ఆరేసి. మళ్ళీ అంది, కోపంగా, ఎదురుగా ఉన్నది ఎంత మొద్దో చూశారా అన్నట్టుగా. ఆరేసి.

అప్పటికీ నాకు వెలగలేదు. ఫోన్లో పాట పెట్టి మూడుసార్లు విన్నాక వెలిగింది. తడిసిన చొక్కాని నేను, ఆరేసి పోవే పిల్లా. ఆ జలుబు గొంతులో ఆరేసి కాస్తా నాకు పారేసి అయింది. చప్పుడు విని పార్టు చెప్పేవాణ్ణి.

వారం రోజులకి పైగా, మంచాన పడ్డ మనిషి చెయ్యి పట్టుకుని పారేసి పో, పారేసి పో అని పాడాను. ఆవిడకి అదెలా వినపడి ఉంటుందో తలుచుకుని ఏడ్చాను. ఆవిడ మాత్రం ఏడవలేదు. ఆరేసి అని ఇంకో నాలుగుసార్లు అంది, రుచి చూసుకుంటున్నట్టు.

మరదలికి ఫోన్ చేస్తే పడీ పడీ నవ్వింది. తర్వాత ముక్కు చీదిన చప్పుడు వినపడింది.

మార్చి 24

పాటతో వచ్చిన మాట కాదు, తప్పు దిద్దడానికి వచ్చిన మాట, అని థెరపీ అమ్మాయి తెగ ఆశ్చర్యపోయింది. అయితే కావాలనే తప్పు పాడనా అన్నాను. వద్దు, ఆవిడ కనిపెట్టేస్తారు అంది. కావాలని పాడక్కర్లేదు, మామూలుగా పాడితే చాలు అని కూడా అంది. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో తెలియలేదు.

ఇప్పుడున్న మాటలు: అదే, ఆరేసి, కాదు, ఛీ. చివరి రెండూ నా పాట చలవే.

మార్చి 30

నచ్చిందా అని నన్ను నేను అడుగుతున్నాను. నచ్చలేదు. ఆ డ్రమ్ములు అలాగే ఉన్నాయి. పాడేవాడి జలుబు తగ్గలేదు. నిజాయితీగా రాస్తున్నాను.

కానీ మధ్యాహ్నం ఒక మిషన్ విప్పుతుంటే నా కాలు తాళం వేస్తోంది. చూసి ఆపేశాను. షాపులో ఎవరూ లేరు. మరి ఎందుకు ఆపేశానో తెలియదు.

ఏప్రిల్ 6

ఈ వారం మాటలు రెండేసి కలిపి వస్తున్నాయి. చెయ్యి పట్టుకుని పాట ఎత్తుకున్నాను. ఆవిడ చెయ్యి విడిపించుకుని నా నోటి మీద పెట్టింది. మీరు ఊరుకోండి, నేను పాడతా, అంది.

ఊరుకున్నాను.