మైదానంలో తల వంచే చోట్లు

పురపాలక కమిషనర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మిల్లు కాలనీ ఆట మైదానంలో పార్కింగ్ కోసం యంత్రాలు దించక ముందే, అక్కడ పూడిపోయిన ఆరో లైను క్వార్టర్లను చేతి పనిముట్లతో తవ్వించవలసిందిగా కోరుతూ.

ఈ విషయమై నేను ఇదివరకే ఒక అర్జీ సమర్పించాను. మా నాన్నగారు తమ ఆఫీసుకు వచ్చి, ఉద్యోగం దొరక్క మా అమ్మాయి మనసు పాడైంది, ముసలివాళ్లతో తిరిగి ఏవేవో ఊహించుకుంటోంది అని చెప్పి దాన్ని వెనక్కి తీసుకున్నట్టు గుమాస్తాగారి ద్వారా తెలిసింది. నా మనసు బాగానే ఉంది. ఉద్యోగం లేని మాట నిజం. పెళ్లిమాట దాటేయడానికే ఈ తిరుగుళ్లని మా అమ్మ నమ్మకం. మా పిన్ని లెక్కలో నాకు గాలి సోకింది. తమరైనా అలా భావించక, ఈ దిగువ అంశాలు పరిశీలించ ప్రార్థన.

1. కాలనీ చరిత్ర పుస్తకానికి పెద్దల జీవితకథలు సేకరించే తాత్కాలిక పని నాకు అప్పగించినది తమ ఆఫీసే. వాళ్ల మంచాల పక్కన కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రికార్డు చేశాను. ఎవరి మొగుడు తాగొచ్చి ఎవరి తలుపు కొట్టాడో కూడా దాచలేదు. క్వార్టర్ల సంగతికి వచ్చేసరికి మాత్రం ఐదో లైను నుంచి ఏడో లైనుకు దూకేవారు. ఆరోది ఏమైందంటే, టీ తాగుతావా అనేవారు.

2. బస్టాపుకు వెళ్తూ మైదానం దాటేటప్పుడు ఈ పెద్దల్లో కొందరు మధ్యలో ఆగి, తల వంచి, కాలు కాస్త ఎత్తి వేసి, మళ్లీ నిటారుగా నడుస్తారు. ఎవరు వంగే చోటు వారిది. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. నడుం నొప్పులనుకున్నాను. మిల్లులో మగ్గాలు బాగుచేసిన తాతగారిని, అందరూ నట్టు తాత అంటారు, ఒకసారి అడిగాను. ఆయన పైకి చూసి నవ్వారు.

"అలవాటమ్మా. మా గుమ్మాలు పొట్టివి. వంగకపోతే బొప్పి కట్టేది."

ఏ గుమ్మాలు తాతా అన్నాను. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

3. ఆయన, ఆ తర్వాత మిగతావారు చెప్పినదాని సారాంశం: మిల్లు వెనక రంగునీళ్లు నిలవచేసే చెరువు ఉండేది. ఒక వానాకాలం మధ్యాహ్నం దాని కట్ట తెగింది. షిఫ్టు దిగి వచ్చినవారికి ఆరో లైను కనపడలేదు; కప్పుల దాకా బురద కనపడింది. మిల్లువారు తవ్వించలేదు. పైన మట్టి పోయించి, రోలరు తిప్పించి, "లైను ఖాళీ చేయబడినది" అని రాసుకున్నారు. బతికి మిగిలినవారికి వేరే లైన్లలో క్వార్టర్లు ఇచ్చారు. నోరు తెరిస్తే అవీ పోతాయన్నారు. మిల్లు మూతపడినా ఆ నోళ్లు తెరుచుకోలేదు.

4. ఇదంతా రాసి ఇస్తే, "నివాసులు స్వచ్ఛందంగా తరలివెళ్లిరి" అని మార్చమని తమ ఆఫీసు తిప్పి పంపింది. వృద్ధుల జ్ఞాపకం ఆధారం కాదని కూడా సెలవిచ్చారు. కనుక వాళ్లను ఒక్కొక్కరిగా, వేర్వేరు రోజుల్లో మైదానంలో నడిపించి, తల వంచిన ప్రతిచోటా సున్నం చల్లి, చిన్న మేకు దిగ్గొట్టాను. ఒకరు ఆగిన చోటు మరొకరికి చూపించలేదు. నీళ్ల ట్యాంకు మెట్లెక్కి చూస్తే ఆ గుర్తులన్నీ తాడు పట్టి గీసినట్టు ఒకే వరసలో ఉన్నాయి. ఇది ఊహే అయితే అంతమందికి ఒకే ఊహ ఎలా వచ్చిందో తమరే సెలవివ్వాలి. మైదానం పాడుచేశానని ఆటల మాస్టారు సున్నం చెరిపించారు. మేకులు ఉన్నాయి.

5. ఈ అంశం అర్జీలో రాయదగినదో కాదో నాకు తెలియదు. ఆ వరసలో చివరి చోట వంగింది మా నాయనమ్మ. ఆమెకు మతిమరుపని ఇంట్లో మందులు వేస్తున్నారు. ఆమె వంగి, లోపలికి అడుగుపెట్టి, గడ్డిలో కూర్చుంది. దుప్పటి సరిచేసినట్టు నేల మీద చెయ్యి ఆడించింది. రోజూ మాట్లాడే గొంతుతోనే అంది:

"మందు మింగి పడుకో బుజ్జీ. షిఫ్టు దిగగానే వచ్చేస్తా."

నాన్నకు తోబుట్టువులు లేరని వింటూ పెరిగినదాన్ని.

ఇంటికి వచ్చి బుజ్జి ఎవరని నాన్నను అడిగాను. ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు.

"అక్క. జ్వరమని ఆ రోజు బడికి రాలేదు. నేను వెళ్లాను."

కాలిన వాసన వచ్చేదాకా ఇస్త్రీపెట్టె ఎత్తలేదు. మర్నాడే తమ ఆఫీసుకు వచ్చి నా అర్జీ అడిగి తీసుకున్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. భయపడే మనిషిని పోల్చుకోగలను.

6. సోమవారం నుంచి యంత్రం తోడే మట్టి లారీల్లో ఎక్కడికో పోతుంది. అందులో ఏముందో, ఎవరున్నారో చూసేవారుండరు. కావున ముందుగా చేతులతో తవ్వించి, దొరికినవారిని వారివారి మనుషులకు అప్పగించి, ఆరో లైనును కాలనీ పటంలో చేర్పించవలసిందిగా మనవి.

నా రాతలో లోపాలుంటే మన్నించి, ఆ పెద్దల మాటనైనా తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కాలనీ కథల సేకరణకు తమరు నియమించిన అమ్మాయి

తా.క.: శనివారం సాయంత్రం దాకా తమ జవాబు కోసం చూస్తాను. నట్టు తాత దగ్గర గునపం, పార ఉన్నాయి. ఆదివారం పొద్దున మా అత్త పడుకున్న చోట తవ్వడం మొదలుపెడతాను. దీనికి అనుమతి అడగడం లేదు.