జాబితాలో లేని కొల్లేరు పుస్తకం

జూలై 8, మంగళవారం
పైనుంచి కాగితం వచ్చింది. తొమ్మిది, పది తరగతుల పిల్లలు చదవాల్సిన పుస్తకాలు ఇరవై — కథలు, నవలలు కాకుండా — ప్రతి స్కూలూ జాబితా పంపాలట. హెడ్మాస్టరు గారు నేరుగా నా బల్ల దగ్గరికే తెచ్చారు. నేను చెప్పేది సోషల్. కానీ లైబ్రరీ తాళంచెవి నా దగ్గరుంది కదా. లైబ్రరీ అంటే సైన్సు ల్యాబులో ఒక బీరువా. అందులో సగం పాత గైడ్లు.

జూలై 9
స్టాఫ్ రూములో తలా రెండు పేర్లు చెప్పమన్నాను. విజయం, గెలుపు, లక్ష్యం, మళ్ళీ గెలుపు. వీటిలో మీరు చదివినవి ఏవండీ అని లెక్కల మాస్టారిని అడిగాను.
"చదవలేదండి. పేర్లు బాగున్నాయని."
ఆ పేర్లే రాసుకున్నాను.

జూలై 11
పిల్లల్నే అడిగితే పోలేదా. తలా ఒక చీటీ — నీకు నిజంగా ఏం తెలుసుకోవాలనుంది? పేరు రాయక్కర్లేదన్నాను. బస్సులో చదువుకుంటూ వచ్చి ఏలూరులో దిగాల్సిన స్టాపు దాటిపోయాను. పాముకి చెవుల్లేకపోతే ఎలా వింటుంది. పామాయిల్ గెలలోంచి నూనె ఎలా తీస్తారు. చేపల మేతలో ఏం కలుపుతారు. నెలసరిలో కడుపునొప్పి అందరికీ వస్తుందా, అమ్మని అడిగితే తిడుతుంది.
ఒక్కదాని మీదే పేరుంది. నాగమణి, పదో తరగతి. కొల్లేరు లంక ఊళ్ళ నుంచి వచ్చే పిల్ల. "మా తాత పడవ వేసిన చోట ఇప్పుడు చేపల చెరువు గట్టుంది. కొల్లేరు ఎటు పోయింది? దీని మీద పుస్తకం ఉందా అండీ?"
చీటీలో కూడా అండీ.

జూలై 13, ఆదివారం
ఏలూరులో మూడు షాపులు తిరిగాను. కథలు కానివి కావాలంటే మూడు చోట్లా బిట్ బ్యాంకులే తీశారు. పదిహేనేళ్ళ పిల్లలకండీ అంటే, అయితే ఫౌండేషన్ మెటీరియల్ ఇమ్మంటారా అని ఒకాయన. ఎండ. తలనొప్పి.
చివరికి మా ఆయన టైలరింగ్ షాపు పక్కన, పాత పుస్తకాలాయన దగ్గర దొరికాయి. ఆడపిల్లల ఒంటి గురించి ఒక డాక్టరమ్మ సూటిగా రాసినది ఒకటి. కొల్లేరు మీద, రిటైరైన ఇంజనీరెవరో రాసిన చిన్న పుస్తకం ఇంకొకటి, మ్యాపులతో సహా — నీళ్ళు ఎక్కడిదాకా ఉండేవి, గట్లు ఎక్కడ లేచాయి, ఎవరు నష్టపోయారు. అక్కడే స్టూలు మీద కూర్చుని సగం చదివేసి, రెండూ కొనుక్కున్నాను.

జూలై 17
స్కూలు కమిటీ మీటింగు. ఇరవైలో రెండు కొట్టేశారు. ఆ రెండే.
డాక్టరమ్మ పుస్తకానికి కారణం కూడా చెప్పలేదు. అందరూ కిటికీలోంచి బయటికి చూశారు. రెండోదాన్ని చైర్మన్ గారు చేతిలోకి తీసుకుని మ్యాపు దగ్గర ఆగారు. ఆయన చెరువులున్నది సరిగ్గా అక్కడే. ఎంత మెత్తగా మాట్లాడతారో.
"పిల్లలకి ఈ గొడవలన్నీ ఎందుకమ్మా. పైకొచ్చే పుస్తకాలు పెట్టండి."
ఖాళీల్లో ఒక గెలుపు, ఒక లక్ష్యం చేరాయి. సంతకం పెట్టాను.

జూలై 18
వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేస్తున్నానట. "అక్కడ సంతకం పెట్టొచ్చి ఇక్కడ గిన్నెల మీద చూపిస్తే ఏం లాభం" అంటాడు హుసేన్. మొగుడు నిజం చెప్తే ఇంకా మండుతుంది.

జూలై 21
జాబితా నోటీసు బోర్డు మీద పెట్టారు. ఇంటర్వెల్లో నాగమణి వచ్చింది. కొల్లేరు పుస్తకం లేదేంటండీ అని అడిగింది. దొరకలేదమ్మా అన్నాను. ఆ పిల్ల నా బల్ల వైపు చూసింది. పరీక్ష పేపర్ల కింద నుంచి కొల్లేరు అనే అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి.
"సరేనండి" అని వెళ్ళిపోయింది.
పదహారేళ్ళ సర్వీసు నాది. సిగ్గేసింది. లాంగ్ బెల్ అయ్యాక పిలిచి చేతిలో పెట్టాను. నా సొంత పుస్తకం, చదివి తెచ్చివ్వు అన్నాను. డాక్టరమ్మది బీరువాలో పెట్టాను. బీరువాకి తాళం వెయ్యడం మానేశాను.

జూలై 25
పుస్తకం తిరిగొచ్చింది — దాంతో నోటుబుక్కు కాగితాలు నాలుగు. వాళ్ళ నాన్నకు చదువు రాదు. సాయంత్రాలు పైకి చదివి వినిపించిందట. రెండో రోజుకి పక్కింటివాళ్ళొచ్చారు. మూడో రోజు పడవల రేవు దగ్గర జనం మధ్య చదివిందట. వాళ్ళంతా కలిసి ఇంజనీరు గారి తప్పులు పట్టారు. ఆ కాలువ అటు కాదు, ఇటు పారేది. ఆ చేపను అలా పిలవరు.
"రాసినాయన గట్టు మీంచి చూసి రాశాడంటండీ. పడవెక్కలేదంట."
తప్పులన్నీ పేజీ నంబర్లతో, కింద గీతలు కొట్టి తెచ్చింది. పదహారేళ్ళలో ఇలాంటి హోంవర్కు నాకెవరూ తేలేదు. నేనూ ఇవ్వలేదు.

జూలై 28
తెలిసిపోయింది. కమిటీ వద్దన్న పుస్తకం రేవులో చదివారని చైర్మన్ గారు బాధపడ్డారట. నేను సంజాయిషీ రాసివ్వాలి. హెడ్మాస్టరు గారు గొంతు తగ్గించి దారి కూడా చూపించారు.
"షమీమ్ గారూ, మీ బల్ల మీంచి ఆ అమ్మాయే అడక్కుండా పట్టుకెళ్ళిందని రాయండి. చిన్నపిల్ల, ఎవరూ ఏమీ అనరు. మీకూ ఇబ్బంది ఉండదు."
నా మేలు కోరే చెప్పారు. అదే నాకు ఒళ్ళు మండించింది. చదువుకోవడానికి పుస్తకం అడిగిన పిల్లని దొంగని చెయ్యమనడం... అదీ అంత మర్యాదగా.

జూలై 30
రెండు వాక్యాలు రాసిచ్చాను. పుస్తకం నాది. నేనే ఇచ్చాను. హెడ్మాస్టరు గారు చదివి, కళ్ళజోడు తీసి, కాగితం సొరుగులో పెట్టారు. సోమవారం దాకా పంపనండి, ఆలోచించుకోండి అన్నారు. ఆలోచించే రాశానండి అన్నాను.

ఆగస్టు 1
నాగమణి రాలేదు. నిన్నా రాలేదు. వాళ్ళ ఊరి పిల్లని అడిగితే, నాన్న పంపట్లేదంటండీ అంది. ఆయన పని చేసేది చైర్మన్ గారి చెరువుల మీదేనట.
నాకు తెలియదు. కనుక్కోవాలని తోచనే లేదు. చీటీ చదివాను, మురిసిపోయాను, పుస్తకం ఇచ్చేశాను. చైర్మన్ గారి మీద, హెడ్మాస్టరు గారి మీద ఇన్నాళ్ళూ విసుక్కున్నాను. ఇప్పుడు ఎవరి మీద విసుక్కోను?

ఆగస్టు 2, శనివారం
రేపు నాగమణి వాళ్ళ ఊరికి బండి మీద తీసుకెళ్తానన్నాడు హుసేన్. మీరు వెళ్తే వాళ్ళకి ఇంకా కష్టమేమోనండి అంది తెలుగు టీచరు. కావచ్చు. పిల్లని పంపండి అంటే ఆయన పని పోవచ్చు. అనకపోతే పదో తరగతి పోతుంది...
ఎనిమిదింటికి బయల్దేరాలి. ఆ తండ్రి ఎదురుగా నిలబడి మొదటి మాట ఏం అనాలో ఇంకా తెలియడం లేదు.